వాసన వస్తోందా?

ఏంటే, ముక్కు మూసుకున్నావు? మురుక్కాలవ కంపుకేనా? మా మేనత్త ఉంటే ఆ చెయ్యి లాగిపారేసేది. తోళ్ల ఫ్యాక్టరీలకు సోడియం సల్ఫైడు చేసే షెడ్డులో ఆవిడ మా మేస్త్రి. నేనూ, మా తమ్ముడూ, అదే మీ తాత, ఆవిడ కింద కూలీలం. అదేం మామూలు సరుకనుకున్నావా? సల్ఫేటు అని తెల్లటి ఉప్పు, దాన్లో బొగ్గుపొడి కలిపి కొలిమిలో ఎర్రగా కాలిస్తే ముద్దవుతుంది. ఆ ముద్దని వేడినీళ్లలో కరిగించి, మడ్డి తీసేసి, మరగబెడితే పసుప్పచ్చటి పెచ్చులు కడుతుంది. మూత తీసి ఉంచావో, గాల్లో తేమంతా తాగి తనే నీరైపోతుంది. తడిచేత్తో ముట్టుకుంటే సబ్బులా జారుతుంది. జారేది మన చర్మమేనమ్మా! ఎద్దుతోలు నానేస్తే అంత మొండి వెంట్రుకలూ జావే. అత్తకి కనుబొమ్మలే ఉండేవి కావు. మసితో దిద్దుకునేది, ఆ సోకొకటి.

ఏం చెబుతున్నాను? ఆఁ, వాసన. షెడ్డంతా కుళ్లిన గుడ్ల కంపు. అత్త పొద్దస్తమానం అందర్నీ అడిగేది, "వాసన వస్తోందా?" అని. మడ్డి తొట్టిలోకి ఎవరు దిగినా నడుముకి తాడు కట్టి, కొస తను పట్టుకునేది. "దూడనా నేను?" అని మీ తాత వేళాకోళం. ఓరోజు వాడు తొట్టిలో మడ్డి గోకుతున్నాడు. తుప్పు వదిలించిన యాసిడ్ నీళ్లు ఎవడో వెధవ కాలవలో పారబోశాడు. ఆ కాలవ తొట్టిలోకే. యాసిడ్ తగిలితే సల్ఫైడు విషం కక్కుతుంది. కంపు గుప్పుమంది. అంతలో లోపల్నించి వాడు, సంబరంగా, "అమ్మయ్య, కంపు పోయిందత్తా!"

పోయింది కంపు కాదే, వాడి ముక్కు. విషం ఎక్కువైతే ముందు ముక్కే చస్తుంది. నేను దూకబోయాను. "దిగావంటే నిన్ను లాగడానికి తాడు లేదు" అని నన్నొక్క తోపు తోసి, లాగింది చూడూ! కాలు అంచుకి తన్నిపెట్టి, అంత మనిషిని బావిలో చేదలా పైకి తెచ్చేసింది. బక్కమనిషి. ఇప్పటికీ నాకు అర్థం కాదు, ఆ బలం ఎక్కడిదో. అప్పటికి మీ నాన్న ఇంకా పుట్టనే లేదు, తెలుసా?

చివరికి మంచాన పడ్డాక ఆవిడకి ఏ వాసనా తెలిసేది కాదు. పోయేముందు నా చెయ్యి పట్టుకుని, "వాసన వస్తోందట్రా?" అంది. వస్తోందత్తా అన్నాను. "అయితే ఫరవాలేదు" అని కళ్లు మూసుకుంది.

...

పాలు మాడుతున్నట్టున్నాయి, చూడమ్మా. వాసన రావట్లేదూ నీకు?