నూరు గ్రాములకో వేలు

కేప్ టౌన్ శివారు పేట. శుక్రవారం మధ్యాహ్నం, ఒంటిగంట. డోరీన్ వంటగదిలో ఫ్రిజ్ పక్కన, నేల మీద మూత తీసిన ప్లాస్టిక్ పెట్టె. పెట్టెలో పాము. దానికి ఒక పక్క డోరీన్, ఇంకో పక్క ఆమె కొడుకు డెన్జిల్ నడిపే ముఠాలో మనిషి, ఎల్రాయ్.

"పటకారు అంత గట్టిగా పట్టుకుంటావేం ఎల్రాయ్? చచ్చిన ఎలుక అది. పారిపోదు."

"జారిపోతుందేమోనని ఆంటీ."

"జారితే మళ్ళీ పట్టుకుందువు. మొహం మీద అలా ఆడిస్తే పాము ఏమనుకుంటుంది? తిండి పెట్టడానికి కాదు, కొట్టడానికొచ్చారనుకుంటుంది. ఇటివ్వు."

"మీరే పట్టుకోండి. అందుకేగా దీన్ని ఇక్కడికి మోసుకొచ్చింది. నా వాసన దానికి పడదు."

"నీ వాసన ఎవరికి పడుతుందిలే. నీళ్ళు పోసుకుని ఎన్నాళ్ళయింది?"

"ఆంటీ."

"సరే, చెప్పు. ఇది తిని ఎన్నాళ్ళయింది?"

"ఏడు నెలలు."

"ఏడు నెలలా? ఇంకా ఎలా బతికుంది?"

"ఈ జాతికి ఓపికెక్కువ. ఏడాదైనా ఉంటుందట. బరువే పోతుంది. డెన్జిల్ జైలుకెళ్ళే ముందురోజు తూచి గోడ మీద రాసి వెళ్ళాడు. పద్దెనిమిది వందల గ్రాములు."

"ఇప్పుడెంత?"

"పదమూడు వందలు. ఇందాక మీ పిండి తూచే కాటా మీద పెట్టి చూశాను."

"నా కాటా మీదా? కడిగావా?"

"మీవాడు జైలు నించి ఫోన్లో ఏమన్నాడో తెలుసా? ఇంటికి రాగానే తూస్తాడట. నూరు గ్రాములు తగ్గితే ఒక వేలు."

"ఊరికే అని ఉంటాడు."

"మా ముఠాలో వెర్నన్‌తోనూ ఊరికే అన్నాడు. డెన్జిల్ కుక్కని ఎండలో కట్టేసి మర్చిపోయాడని."

"ఈ ఎలుక ఇంకా చల్లగానే ఉందిరా. పొయ్యి మీద కేటిల్ పెట్టు."

"వెర్నన్ చేతుల్ని ఈ బల్ల మీదే పెట్టించాడు కదా ఆంటీ?"

"నేను చూళ్ళేదు."

"మీరు ఇంట్లోనే ఉన్నారు."

"ఉన్నాను. ముందు గదిలో రేడియో వింటున్నాను."

"సుత్తి చప్పుడు వినపడలేదా?"

"పెద్దగా పెట్టుకున్నాను. కేటిల్ పెట్టమన్నానా?"

"పెట్టాను."

"మరగనివ్వకు. నీ వేలు ముంచితే ఓర్చుకోగలిగేంత వేడి చాలు. ఎలుకలమ్మే దుకాణంలో ఆ పిల్ల ఏం చెప్పిందో మళ్ళీ చెప్పు, వరసగా."

"గడ్డకట్టిన ఎలుకని రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి కరగనివ్వాలి. పొద్దున కవర్లో చుట్టి గోరువెచ్చని నీళ్ళలో ముంచాలి. తడవకూడదు, తడి ఎలుకని ముట్టదు. ఆఖర్న తల ఒక్కటీ హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చెయ్యాలి. పాము కళ్ళతో చూసేది తక్కువట, వేడినే చూస్తుందట. తల వెచ్చగా ఉంటే బతికుందనుకుని పడుతుందట."

"కరెంటు కోతలో హెయిర్ డ్రయ్యర్ ఎక్కణ్ణించి తేను? తలని కేటిల్‌కి ఆనించి పట్టుకో. పోయినసారి నువ్వేం చేశావు?"

"మైక్రోవేవ్‌లో పెట్టాను."

"పెడితే?"

"పేలింది."

"ఎవరి మైక్రోవేవ్?"

"ఇప్పుడది ఎందుకులెండి."

"పోయిన వారం మీ అక్కకి కావాలని పట్టుకెళ్ళావు, నాదేనా? ఒరేయ్, నేను నిన్న అందులో సూప్ కాచుకున్నానురా."

"కడిగే తెచ్చాను ఆంటీ."

"పై గోడ కడిగావా? పోనీలే, ఇప్పుడు కక్కినా రాదు. ఇది ఎందుకు మానేసింది? డెన్జిల్ ఉన్నప్పుడు బతికున్న ఎలుకని వేస్తే చిటికెలో నలిపేసేది. మీరందరూ చుట్టూ చేరి బీరు తాగుతూ చూసేవాళ్ళు."

"వాడి మీద బెంగ పెట్టుకుంది."

"పాముకి బెంగేమిటి. దీని వీపు మీద ఆ మచ్చేంటి?"

"పొలుసు ఊడింది."

"ముప్పై ఏళ్ళు చేపల ఫ్యాక్టరీలో కోత పని చేశాను. ఊడిందేదో కొరికిందేదో నాకు నువ్వు చెప్తావా?"

"ఎలుక."

"ఎలుక పాముని కొరికిందా?"

"ఆ రోజు దీనికి ఆకలి లేదు. ఎలుకని వేసి, కాసేపాగి తీసేద్దామనుకున్నాను. ఈలోగా రైలు పట్టాల అవతలి ముఠావాళ్ళు మన వీధిలోకొచ్చి కాల్చారు. పారిపోయి మా అక్కావాళ్ళింట్లో రెండు రోజులు దాక్కున్నాను. ఈ పెట్టె సంగతి గుర్తే లేదు. నేను తిరిగొచ్చేసరికి ఎలుకకి ఆకలేసింది."

"ఎంత తినేసింది?"

"నా బొటనవేలంత. వెన్నెముక కనబడింది. ఇది తల ఒంట్లో దాచుకుని ఉండలా చుట్టుకుపోయింది. ఎలుక దీని మీదెక్కి కూర్చుని మూతి తుడుచుకుంటోంది."

"దాన్నేం చేశావు?"

"తోక పట్టుకుని గోడకి కొట్టాను. ఎన్నిసార్లు కొట్టానో తెలీదు. చేతిలో తోక మిగిలింది."

"డెన్జిల్‌కి చెప్పావా?"

"చెప్తే వేళ్ళతో సరిపెడతాడా?"

"ఆ తర్వాత బతికున్నదాన్ని వెయ్యలేదా?"

"వేశాను. పెట్టె మూలకి పోయి మళ్ళీ ఉండ చుట్టుకుంది. ఇంత పాము, గుప్పెడు ఎలుకని చూసి. అందుకే చచ్చినవి కొన్నాను. చచ్చింది కొరకదు కదా. మూడు వారాలైంది. దీన్నీ ముట్టట్లేదు."

"ఆ సన్న కత్తి అందుకో. చేపలది."

"దేనికి?"

"ఎలుక నెత్తి మీద చిన్న గాటు పెడదాం. మెదడు వాసన తగిలితే ఆగలేక పట్టేస్తుందేమో. ఆ పిల్ల చెప్పలేదా?"

"చెప్పింది. నా వల్ల కాలేదు."

"మనుషుల్ని పొడిచేవాడివి."

"అది వేరు ఆంటీ. వాళ్ళు తిరగబడతారు."

"చూడు, పుర్రె మెత్తగానే ఉంది. ఇలా గుచ్చి, ఇలా తిప్పితే అయిపోయింది. అటు చూస్తావేంరా?"

"ఏం లేదు."

"బక్కెట్ కావాలంటే సింకు కిందుంది. ఈ ఎలుక ఎంత తూగుతుంది?"

"ఎనభై గ్రాములు."

"ఒక వేలికి సరిపోదు."

"ఇంకా నాలుగూ చిల్లర."

"ఎడమ చేతివి ఇవ్వు."

"నవ్వొస్తోందా మీకు?"

"నవ్వక ఏం చెయ్యను? ఇది తిన్నదంటే నేను వాడితో మాట్లాడతాను. చూడు, తింటోంది, కోలుకుంటోంది, వదిలెయ్ అంటాను. నా మాట వింటాడు."

"వెర్నన్ కోసం మాట్లాడారా?"

"నన్నెవరూ అడగలేదు."

"వెర్నన్ అరిచాడు కదా, మీ పేరు పెట్టి. ఆంటీ డోరీన్, ఆంటీ డోరీన్ అని. నేను వాడి మోచేతులు పట్టుకుని ఉన్నాను. నాకు వినబడింది."

"దుప్పటి కప్పు పెట్టె మీద. సగం దాకా."

"కప్పాను."

"దీన్ని బల్ల మీద పెట్టొచ్చుగా? నా మోకాళ్ళు పోతున్నాయి."

"అక్కడ కిటికీ ఉంది. వెలుతురు పడితే తినదు. ఇక్కడే నయం."

"ఆ ఫోను ఎన్నిసార్లు తీస్తావు? అది వెలిగినప్పుడల్లా తల వెనక్కి లాక్కుంటోంది."

"టైము చూస్తున్నాను. ఒకటీ ఇరవై అయిదు."

"రెండున్నరకేగా అన్నావు ఇవాళ డెన్జిల్ జైలు నించి వచ్చేది? బిర్యానీ దమ్ము మీదుంది. రెండింటికల్లా నేను వీధి మూల మీదకి పోవాలి."

"ఎందుకు ఆంటీ? టాక్సీ దిగి వాడే నడిచొస్తాడు."

"నీకు తెలీదు. పదహారేళ్ళప్పుడు పిల్లల జైలు నించి వచ్చినప్పుడు మూల మీద నిలబడ్డాను. తర్వాత ప్రతిసారీ నిలబడ్డాను. ఇది ఆరోసారి. దిగగానే నేను కనబడాలి, చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చుకోవాలి. లేకపోతే అటునించటే మీ దగ్గరికొచ్చేస్తాడు. ఇంటికి మర్నాడొస్తాడు, ఎవరి రక్తమో పూసుకుని."

"ముందు ఇది తిననివ్వండి."

"తినకపోయినా వెళ్తాను."

"తింటుంది. మీ చేతి నించి తింటుంది. పది నిమిషాలు కూర్చోండి ఆంటీ, నా వేళ్ళు మీ చేతిలో ఉన్నాయి."

"సరే, నోరు మూసుకుని కూర్చో. ఇప్పుడు చూడు. ఎదురుగా పెట్టకూడదు, పక్క నించి. ఎలుక తన పని మీద తను పోతున్నట్టు. రెండడుగులు. ఆగింది. మళ్ళీ ఒకడుగు."

"నాలుక బయట పెట్టింది."

"ష్."

"ఇన్నాళ్ళలో నాకు ఇంత దాకా రాలేదు."

"ఆగింది. వాసన చూస్తోంది. పిచ్చి తల్లీ, ఇది కొరకదే. ఇది చచ్చిపోయింది. దీని నెత్తి నేనే కోశాను. రా."

"మెడ వంకీ తిప్పింది ఆంటీ. అంటే పడుతుంది. అలా తిప్పిందంటే..."

"ఫోను మళ్ళీ వెలిగింది నీ జేబులో."

"వెలగనివ్వండి."

"ఎవరు?"

"ఎవరూ కాదు. మీరు పెట్టెలోకి చూడండి."

"ఎల్రాయ్, అది..."

"చెయ్యి కదపకండి."

"తుపాకులు."

"తుపాకులే. మీరు చెయ్యి కదపకండి."

"మన మూల మీదే."

"కాదు, పట్టాల దగ్గర."

"నలభై ఏళ్ళున్నాను ఈ వీధిలో, ఎక్కడ పేలిందో నాకు తెలీదా. నాలుగు. అయిదు. వంగు, వంగు."

"వంగాను. మీరూ తల దించండి. ఫ్రిజ్ వైపు. ఇంకా ఇటు జరగండి."

"మళ్ళీ. ఇది వేరే తుపాకి. ఇద్దరున్నారు."

"మాట్లాడకండి."

"అమ్మా."

"పట్టింది."

"పటకారుతో సహా లాగేసిందిరా."

"వదిలెయ్యండి. మెల్లిగా విప్పండి. చూడండి, చుట్టేసింది. రెండు చుట్లు. ఎలుక నోట్లోంచి గాలి కొడుతోంది."

"చచ్చినదాన్ని మళ్ళీ చంపుతోంది."

"చంపనివ్వండి."

"తింటోంది ఎల్రాయ్. ఏడు నెలలకి తింటోంది. నీ వేళ్ళు దక్కినట్టేరా. ఇలా చూడు. ఏడుస్తున్నావేంటి?"

"ఏం లేదు ఆంటీ."

"పాము తిన్నందుకు ఏడ్చేవాణ్ణి నిన్నే చూశాను. ముక్కు తుడుచుకో. కాల్పులు ఆగినట్టున్నాయి. లే, నన్ను లేవదియ్యి."

"ఇప్పుడే కదలకండి. కదిలితే వదిలేస్తుంది. అరగంట పడుతుంది మింగడానికి."

"ఆ అరిచేదెవరు? పక్కింటి గ్లోరియా గొంతులా లేదూ?"

"కూర్చోండి."

"గ్లోరియానే. నా పేరు పిలుస్తోంది."

"కూర్చోండి ఆంటీ."

"నా చెయ్యి వదులు. ఇంత గట్టిగా పట్టుకుంటావేంరా? టైమెంత?"

"ఒకటీ నలభై ఆరు."

"వాడు రెండున్నరకి కదా వచ్చేది. ఇంకా ముప్పావుగంట ఉంది. వాడు కాదు. గ్లోరియా కొడుకై ఉంటాడు. గ్లోరియా కొడుకు కాకపోతే... నన్నెందుకు పిలుస్తోంది?"

"మీరు పెట్టెలోకే చూడండి ఆంటీ."

"రెండున్నర అని వాడు నాతో అనలేదు. నువ్వు వచ్చి చెప్పావు."

"నేనే చెప్పాను."

"నీకేం చెప్పాడు?"

"ఒకటీ నలభై."

"ఇంకెవరికి చెప్పావు?"

"ఒక్కడికే."

"మనవాడేనా?"

"పట్టాల అవతలివాడు."

"నేను మాట్లాడతానన్నాను కదరా. నీ వేళ్ళ కోసం వాణ్ణి అడుగుతానన్నాను కదా."

"వెర్నన్ కోసం అడగలేదు మీరు."

"ఇదంతా తెలిసే వచ్చావా? తెలిసే చచ్చిన ఎలుకని పట్టుకుని ఇంతసేపు నా ఎదురుగా కూర్చున్నావా? ఎందుకొచ్చావురా నా ఇంటికి? పాము తింటే నీకెంత, తినకపోతే నీకెంత? ఎందుకొచ్చావు?"

"రాకపోతే మీరూ మూల మీద ఉండేవారు ఆంటీ."