పెట్టెలో సముద్రం

మల్కాపురం. మిట్టమధ్యాహ్నం. నీలకంఠం ఇంటికీ, మేస్త్రీ గురునాథరావు ఇంటికీ నడుమ ఒకటే గోడ.

“సెప్పులు బైటే ఇప్పీసి రా బావా. నెమ్మది. గడప కాడ సెక్క కిర్రుమంతాది, దాని మీద కాలెయ్యకు.”

“ఏటి నీలకంఠం, దొంగోడు దూరినట్టు దూరమంతన్నావ్? నానేటో యారాడ నుంచి సేపలట్టుకొని దర్జాగా వొత్తే...”

“గట్టిగా మాటాడకు పోలిరాజు బావా, నీ కాళ్ళట్టుకుంతాను. ఇప్పుడే కన్ను మూసింది.”

“ఎవులు? నీ పెళ్ళామా?”

“గౌరి బజారుకెల్లింది. కుక్కపిల్ల. నువ్విచ్చిన పిల్లే.”

“మరి పెట్టెలో నీ తలకాయెందుకున్నాది? కాళ్ళు బైటా, మెడ లోపలా... బల్లిలాగ ఆ పడకేటి?”

“దాని బుర్ర నా సేతి మీదున్నాది. సెయ్యి లాగినానంటే అయిపోనాను. మీ యారాడ కొండ ఎక్కి కూకున్నోడిక్కూడా ఇనిపించేలాగ ఏడుత్తాది.”

“ఓరి నీ ఇల్లు బంగారం గాను, నాను సెప్పిందేటి, నువ్వు సేత్తన్నదేటి? రాత్రి సేపల యేటకెల్లొచ్చి మావోళ్ళు పగులు తొంగుంతారు. కుక్కపిల్లలకీ అదే టైము. కూడెట్టి, ఉచ్చ పోయించి, కూసింతసేపు ఆడించి, గంప బోర్లించీడవే. ఏడిత్తే ఏడవనీ అన్నాను. నోరు మూసినాకే గంపెత్తమన్నాను. ఏడుత్తన్నప్పుడు ఎత్తినావనుకో, ఏడుపే తాళంసెవని దానికి తెలిసిపోతాది. మా తాత కుక్కుండీది. గంప కింద తొంగుందంటే, ఓపాలి సముద్రం పోటొచ్చి గంపతో సహా కాకినాడ దాకా కొట్టుకుపోనాది. అక్కడ ఒడ్డునట్టుకొని గంపెత్తితే ఆవులించిందంట.”

“అది మీ తాత కుక్క. ఇది నా కుక్క. గంపిత్తే గంప కొరికీసింది. అందికే పోర్టులో ఓడలోంచి దిగిన మిసను కర్రపెట్టె అడిగి తెచ్చినాను. గౌరి పాత సీర పరిసినాను. పైన గోనె కప్పినాను. కూడెట్టినాను, తిప్పినాను, ఆడించినాను. ఏడవనీ అంతావు నువ్వు. ఏడిత్తే ఆ గోడవతల ఎవులున్నారో తెలీదేటి నీకు?”

“మేస్త్రీ గదా.”

“మేస్త్రీయే. రాత్రి డూటీ మేస్త్రీ. పగులు తొంగునే మేస్త్రీ. మా పోర్టు గేంగులో పర్మనెంటుకి ఎవుడి పేరెల్లాలో సెప్పే మేస్త్రీ. ముందయితే ఈ ఎనకాల రైలు లైను మీద పగలల్లా వేగన్లు గుద్దుకుంటా ఉండీవి. ఆ మోతలో కుక్క కాదు, పులరిసినా ఇనబడదు. రిపేరని లైనాపీసినారు. ఇప్పుడు సీమ తుమ్మినా గోడ దాటుతాది.”

“ఆయనేటైనా అన్నాడా?”

“మొన్న గేటు కాడ ఆపినాడు. పగులు ఏడుత్తన్నది మీ ఇంట్లో కుక్కపిల్లేనా అనడిగినాడు. అవును బాబూ అన్నాను. ఊఁ అనీసి, నన్ను కిందనించి పైదాకా సూసీసి ఎల్లిపోనాడు.”

“అంతేనా?”

“అంతే. తిట్టుంటే బాగున్ను. తిట్టినోడు మర్సిపోతాడు.”

“మరిప్పుడేడుత్తన్నాదా?”

“నిన్నట్నుంచి కుయ్యిమన్నేదు. అయినా ఆయన కోపం తగ్గనేదు. రాత్రి డూటీలో కళ్ళు సింతనిప్పులు. మా గేంగు అప్పలసూరి బీడీ ముట్టిత్తే ఎగిరినాడు, ముట్టించకపోతే ఎగిరినాడు. నా కాడికొచ్చి ఆగినాడు. నోరు తెరిసినాడు. మల్లా మూసీసి ఎల్లిపోనాడు. ఈ సాయంత్రం పేరు పంపిత్తాడంట. ఈ ఒక్క పూట ఇది నోరెత్తకుండా గడిపీగలిగితే... నాను కన్ను మూసి ఎన్నాళ్ళైనాదో నాకే తెలీదు బావా. రాత్రి బరువులు, పగులు ఇదీ.”

“పోనీ నాకిచ్చీ. సేపల గంపలో ఎట్టుకుపోయి తల్లి కాడ ఒగ్గీత్తాను. నీకూ నిద్ర, మేస్త్రీకీ నిద్ర.”

“గౌరి బజారుకెల్లిందన్నాను కదా. ఎందుకెల్లిందో అడగవే?”

“ఎందుకేటి?”

“దీనికి పాలసీసా కొండానికి. కడుపు పోయిన కాడ్నుంచి గడప దిగని మడిసి బావా. నాతో మాట నేదు. కూడెడితే గోడకేసి సూసీది. దీన్ని తెచ్చిన రోజు, దీని గోల పడనేక కసిరింది. ఆ గొంతు మల్లీ ఇంతాననుకోనేదు నాను. గుమ్మం కాడే నిలుసుండిపోనాను. ఇప్పుడు పాలసీసా అట్టుకొని వొత్తాది. ఖాళీ పెట్టె సూపించమంతావా?”

“ఒద్దురా. ఒద్దు. తప్పయిపోనాది. కళ్ళు తుడుసుకో ముందు.”

“సెయ్యి ఖాళీ నేదు.”

“ఉండు, నాను తుడుత్తాను. రెండో సేతిలో ఆ సేటేటి? నూకలు సెరుగుతన్నావా ఈ పాట్లలో?”

“సముద్రం.”

“ఏటీ?”

“నువ్వే గదా సెప్పినావు, పెళ్ళయి అత్తోరి ఊరెల్తే సముద్రం సప్పుడు నేక తెల్లార్లూ కళ్ళప్పగించీసి కూకున్నానని. ఇదీ మీ ఊరిదే గదా అనుకున్నాను. సేటలో నూకలు పోసి, ఇలాగ అటొంచి... ఇటొంచి... ఇనబడతన్నాదా? అలొచ్చి ఇరిగినట్టు నేదూ?”

“ఓలమ్మ. నాకే ఆవులింతొత్తన్నాది.”

“నిన్న పగలల్లా, ఇయ్యాలా నాను సేట ఆపనేదు. ఇంక... ష్. తలుపు కాడ ఎవులో.”

“ముసలమ్మ. ముక్కుకి పెద్ద ముక్కెర.”

“రామలక్ష్మమ్మ గారు. మేస్త్రీ గారి భార్య. అయిపోనాది బావా, నా పని అయిపోనాది.”

“నీలకంఠం, ఉన్నావా నాయనా?”

“ఉన్నానమ్మగారూ. ఏడవట్లేదమ్మగారూ. సూడండి, సక్కగా తొంగున్నాది. ఈడు మా పోలిరాజు బావ, ఈడూ మాటాడడు. మీ కాళ్ళకి మొక్కుతాను, దీన్ని మాత్రం...”

“బతికే ఉన్నాదా? అమ్మయ్య. సచ్చిపోనాదేమోనని హడిలిపోయేం.”

“ఏటమ్మగారూ?”

“నిన్నట్నుంచి ఏడవడం మానీసింది కదా మరి. ఇన్నేళ్ళూ మా ఆయన వేగన్ల మోతలోనే తొంగున్న మడిసి. లైనాపీసిన కాడ్నుంచి పగులు కునుకు నేదు. మీ పిల్లొచ్చి ఏడుపందుకున్నాదో, గురకెట్టి తొంగున్నారు. ఆ దేవుడే పంపినాడనుకున్నాం. నిన్నట్నుంచి మల్లా గోడకేసి సూసుకుంటా కూకున్నారు. రాత్రి డూటీలో నిన్నడుగుదావనుకొని, ఏటని అడుగుతాను, సిగ్గుచేటని మానుకున్నారంట. నన్ను పంపినారు. పున్నెముంటాది, కాసేపు ఏడిపించు నాయనా.”

“ఏటి నీలకంఠం, అమ్మగారు అడుగుతన్నారు కదా. సేట ఆపు.”

“ఎప్పుడో ఆపీసినాను బావా.”

“సెయ్యి తీసీ.”

“తీసీసినాను. ఒల్లు ఇరుసుకొని అటు తిరిగి తొంగుంది.”

“గిల్లు.”

“గిల్లనేను. నువ్వు గిల్లు.”

“నానూ గిల్లనేను. మరిప్పుడేటి సేత్తావ్?”

“అమ్మగారూ, మీరెల్లి మేస్త్రీ బాబుకి పక్కెయ్యండి. ఇప్పుడే మొదలవుతాది. బావా, తలుపు మూసీసి, ఇలా గోడ కాడికి రా. ముందు నువ్వందుకో, నీకూపిరి సాలనప్పుడు నానందుకుంతాను. సూసుకో మరి, పిల్ల లెగకుండా ఏడు.”