మావిస్ లాకు తలుపు తోసిన రోజు

ఇంగ్లండులో ఒక పాత కాలవ. తమ్ముడు డెరిక్ కాపురముండే సన్నటి పడవ మీద అక్క మావిస్ పొద్దున్నించీ ప్రయాణం చేస్తోంది. కాలవ నీటిమట్టం మార్చే తలుపులున్న నాలుగో లాకు దగ్గర పడవ ఆగింది.

“నువ్వు కూచో డెరిక్. తలుపు నేను తోస్తాను.”

“వారానికి మూడు రోజులు డయాలిసిస్ మంచం మీద ఉండే మనిషివి, నువ్వు తోస్తావా? జనం నన్ను తిడతారే అక్కా.”

“తిట్టనీ. ఇవాళ గురువారం, నాకు మంచం లేదు. కూచోమన్నానా?”

“సరే, కూచున్నా. చేతుల్తో కాదు, తలుపు దూలానికి నడుం ఆనించు. ఆఁ, అట్లా. మెల్లిగా వెనక్కి నడువు.”

“కదిలింది చూశావా!”

“కదిలిందిలే. పొద్దున్నించీ మనం వచ్చింది నాలుగు మైళ్ళు. ఆ బాతులు మనల్ని దాటిపోయి, పని చూసుకుని తిరిగి కూడా వస్తున్నాయి.”

“నాకేం తొందర లేదు. టీ పెట్టనా?”

“ఇది ఐదోది. నిన్ను నీళ్ళు కొలిచి తాగమన్నారు గదా.”

“నీకు పెడతాను. నేను చూస్తూ కూచుంటాను.”

“ఆపరేషన్ అవనీ, బకెట్లతో తాగుదువుగాని. నీకిచ్చే నా కిడ్నీ గట్టిది, ఎంతైనా తట్టుకుంటుంది.”

“ఇప్పుడా మాటెందుకు? అటు చూడు, కొంగ.”

“కొంగని రోజూ చూస్తాను. ఆసుపత్రివాళ్ళు ఏమన్నా రాశారా? పడవకి ఉత్తరాలు రావని నీ ఇంటి అడ్రసే ఇచ్చాను.”

“ముందు ఈ రొట్టె తిను. పొద్దున్నించీ ఏం తినలేదు నువ్వు.”

“ఆకలి లేదు. ఉత్తరం వచ్చిందా, లేదా?”

“వచ్చింది.”

“ఎప్పుడు?”

“మంగళవారం. నాకనుకుని చింపాను.”

“మంగళవారం వస్తే ఇప్పుడా చెప్పడం? అంటే, కుదరదన్నారు. అంతేనా?”

“అంతే. నీ కిడ్నీ వద్దన్నారు.”

“పోన్లే. పోన్లే అక్కా, ఏడవకు. ఇంకెవరో ఒకరు దొరుకుతారు.”

“మూడేళ్ళయింది డెరిక్. ఎవరూ దొరకరు. ఆ సంగతి నాకెప్పుడో తెలుసు. దానికి ఏడవడం కూడా మానేశాను.”

“మరి ఈ కన్నీళ్ళేమిటి?”

“నిన్ను ఇవాళ ఒక్కరోజు ఇట్లా ఉండనిద్దామనుకున్నాను. రేపు చెబుదామనుకున్నాను.”

“ఏం చెబుదామని? అక్కా, నా వైపు చూడు. ఏం రాశారు?”

“పరీక్షలకని నీ కడుపు స్కాన్ తీశారు గదా. అందులో ఏదో కనపడిందట. సోమవారం నిన్ను రమ్మన్నారు నాయనా, కేన్సర్ డాక్టరు దగ్గరికి.”