పటంలో నిలిచిన చాప ఇల్లు

అఫార్ ఎడారిలో అగ్నిపర్వత పరిశోధకులు యాభై ఏళ్ల కిందట గీసిన పటాన్ని సర్వేయరు ఒక చాప గుడిసె ముందు పరిచాడు. గుడిసెలోని ముసలమ్మ ఒంగి చూసింది.

“అవ్వా, ఇక్కడ ఇల్లున్నట్టు గుర్తేశారు. వెళ్లి చూస్తే నల్లరాళ్లు తప్ప ఏం లేవు.”

“అది నా ఇల్లే.”

“కూలిపోయిందా?”

“చాప ఇల్లు కూలడమేంటయ్యా! చుట్టి ఒంటె మీద వేసుకొచ్చాను. నువ్వు దాని నీడలోనే కూర్చున్నావు.”

“నాలుగు రోజులుండే ఇంటిని పటంలోకెక్కించారా, పిచ్చివాళ్లు!”

“పన్నెండు రోజులు. మా ఆయన ఉప్పు బిడారుతో వెళ్లాడు. తానొచ్చేదాకా ఇల్లు కదపొద్దన్నాడు. తోలుతిత్తిలో నీళ్లయిపోయాయి. చంకలో పసిబిడ్డ.”

“ఆయన తిరిగొచ్చాడా?”

“వచ్చాడో లేదో చూడ్డానికి అక్కడెవరున్నారు?”

“కొత్త పటంలో ఈ గుర్తు తీసెయ్యాలవ్వా.”

“నేనెలాగూ కదిపాను. నువ్వన్నా కదపకు, నాయనా.”