నూటికి నూటపద్దెనిమిది

కరెంటు పోయి గంట దాటింది. మా వర్క్‌షాపుల వరసలో ఒక్క మిషనూ తిరగడం లేదు గనక అందరం ఎదురుగా ఉన్న టీ కొట్టు బల్లల మీద చేరాం. టీ కొట్టు అక్క పొయ్యికి కరెంటుతో పనిలేదు. మోటార్లు చుట్టే వైండింగ్ మేస్త్రీ నోటికీ దాంతో పనిలేదు. నేను వెల్డింగువాణ్ణి. నా పక్కన లేతు మిషను మీద ఇనుము చెక్కే లేతు బాబాయి, కాళ్ల దగ్గర గోనెసంచి పెట్టుకుని, టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. ఆయన మాట్లాడడం తక్కువ. మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు.

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదని మీకందరికీ తెలుసు."

"తెలుసు తెలుసు," అంది అక్క, తల ఎత్తకుండానే.

"ఏదో చిన్న పని చేశాలే. ఒక ప్లాస్టిక్ గొట్టం, దాని మీద రాగి తీగ చుట్టు, గొట్టంలో వేలంత ఇనుప కడ్డీ. తీగలోకి కరెంటు వదిలితే చుట్టు అయస్కాంతమైపోయి కడ్డీని లోపలికి లాగుతుంది, ఆ ఊపుకి కడ్డీ అవతలి మూతిలోంచి ఎగిరిపోతుంది. మందుగుండు లేదు, మసి లేదు. నిన్న ఆదివారం మా మామగారింట్లో భోజనాలయ్యాక అందరి ముందూ ఒక్కసారి వదిలా. గది ఆ చివర అట్టపెట్టె పెట్టాం. వెళ్లి చిల్లు పెట్టింది. అంతే."

"అట్టపెట్టెకి చిల్లు పెట్టడానికి మా ఆవిడకి సూది చాలు," అన్నాను.

"ఆగవయ్యా! చిల్లు సంగతి తర్వాత. అసలు నేనీ పనికి ఎందుకు దిగాల్సి వచ్చిందో అది విను ముందు. మా తోడల్లుడు లేడూ, మా ఆవిడ చెల్లెలి మొగుడు, టీవీలు బాగుచేస్తాడు, నోట్లో నాలుక లేనట్టుంటాడు, అలాంటివాళ్లనే నమ్మకూడదు. ఆ ముందు ఆదివారం వాడొక గొట్టం పట్టుకొచ్చాడు మామగారింటికి. పాత టీవీల్లోంచి పీకిన, కరెంటు దాచిపెట్టే కెపాసిటర్లు నాలుగు తగిలించాడు, వాటినిండా కరెంటు పట్టి ఒక్కసారి వదిలాడు, టిక్కుమంది, ఖాళీ రేకు డబ్బాకి ఇంతే ఇంత చిల్లు పడింది. దానికి మా మామగారు ఏమన్నారో తెలుసా? 'భేష్' అన్నారు! నేను ఆయన దగ్గర ఎనిమిదేళ్లు పని నేర్చుకున్నా, ఆయన కూతుర్ని చేసుకుని పదహారేళ్లయింది, ఇరవై నాలుగేళ్లలో ఆ మాట నా చెవిన పడలేదు. నా చుట్టు చూసి 'ఊఁ' అనేవారు. ఆ 'ఊఁ' కోసం నేను అన్నం మానేసి చుట్టిన రోజులున్నాయి."

అక్క ఈసారి తల ఎత్తి చూసింది. మేస్త్రీ ఆ చూపు పట్టించుకోలేదు.

"అక్కడితో ఆగినా బాగుండును. మామగారి దగ్గర చేత్తో తిప్పే చుట్టుడు మిషనుంది, ఎన్ని చుట్లు పడ్డాయో చూపించే చిన్న గడియారం కూడా ఉంటుంది దానికి. నేను పని నేర్చింది దాని మీదే, దాని పిడి నా అరచేతికి అచ్చుపోసినట్టుంటుంది. కొట్టు మూసేశాక ఆయన దాన్ని గుడ్డ కప్పి దాచుకున్నారు. ఆ రోజు, 'మీ ఇద్దరిలో ఎవరి గొట్టం బాగుంటే వాళ్లకిస్తా మిషను, వచ్చే ఆదివారం నువ్వూ చేసుకురా' అన్నారు నాతో. నాతో పోటీయా! ఆ టీవీలవాడికీ నాకూనా! వాడు తీగ తెంపమంటే తెంపుతాడు గానీ చుట్టగలడా? వాడి గొట్టం చూశాను కదా, చుట్టు కనబడకుండా పైనంతా నల్ల టేపు చుట్టేశాడు. ఎందుకూ? సిగ్గు! నా చుట్టుకి టేపు ఉండదు. చివర ఎర్రదారంతో మూడు పేటల ముడి ఉంటుంది, ఈ వరసలో ఏ మోటారు విప్పినా ఆ ముడి కనిపిస్తే అది నా చెయ్యే."

"అది నిజమే," అన్నాడు లేతు బాబాయి.

"చూశారా, బాబాయే ఒప్పుకున్నాడు. ఇంకా విను. భోజనాల దగ్గర వాడికి ఫ్యాను కింద కుర్చీ, నాకు తలుపు పక్కన. మా అత్తగారు వాడి పళ్లెంలో అడక్కుండా వడ్డిస్తుంది, నా దగ్గరికొచ్చి 'చాలా?' అంటుంది. చాలా అని అడిగితే ఎవడైనా చాలదంటాడా? ఆ వారమంతా నాకు నిద్ర లేదు, నా కడుపుమంట మీద అక్క టీ కాచుకోవచ్చు. ఎనిమిది వందల చుట్లు చుట్టా. చుట్టు మీద చుట్టు, వెంట్రుక దూరదు మధ్యలో. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"అట్టపెట్టెకి చిల్లు పడింది," అన్నాను.

"అట్టపెట్టె అన్నది మీరు జడుసుకుంటారని అన్నా. అట్టపెట్టె, దాని వెనక వాడి రేకు డబ్బా, దాని వెనక మామగారి బీరువా. బీరువాలో మా తోడల్లుడికని కుట్టించిన కొత్త చొక్కా వేలాడుతుంటే, దాని గుండీ కాజాల్లోంచి, ఒక్క దారప్పోగు తెగకుండా దూరి, గోడలోంచి పక్కింట్లోకి పోయింది. పక్కింటాయన గడ్డం గీసుకుంటున్నాడు. సగం గడ్డం కడ్డీయే గీసి పోయింది."

"రెండో సగం?" అంది అక్క.

"తిరిగొచ్చేటప్పుడు గీసింది. అక్కడికి వస్తున్నా. వాడిలాగా కెపాసిటర్లలో చెంచాడు కరెంటు దాచుకుని పిసినారిలా వదలడం నాకు చేతకాదు. నేరుగా గోడ ప్లగ్గుకి తగిలించి స్విచ్చు నొక్కా. వాడు పరిగెత్తుకొచ్చి 'అన్నయ్యా, అలా వద్దు' అన్నాడు. ఎందుకు వద్దంటాడు? ఓడిపోతాడు గనక."

లేతు బాబాయి గ్లాసు కింద పెట్టాడు. "స్విచ్చు ఎంతసేపు నొక్కావు?"

"ఎంతసేపేమిటి బాబాయ్? నొక్కా, నొక్కి పట్టుకున్నా. ఇరవై నాలుగేళ్లుగా మోటార్లతో బతుకుతున్నవాణ్ణి, తిరిగేదాన్ని మధ్యలో ఆపుతానా? వేలు తీస్తే ఒట్టు."

"ఊఁ," అన్నాడు బాబాయి.

"ఆ 'ఊఁ' ఒకటి, అచ్చం మా మామగారిలాగే. సరే. కడ్డీ అలా వెళ్లిందా, ఇక్కడ చుట్టు లాగుడుకి ఇంట్లో ఇనుమన్నది నిలబడలేదు. వంటింట్లో మూకుళ్లు నడుచుకుంటూ వచ్చాయి. మా అత్తగారి జడపిన్నులు లేచి నాకేసి చూశాయి. వీధిలో సైకిళ్లు గేటు దగ్గర బారులు తీరాయి. ఊరవతల వంతెన ఉంది చూడు, అది జానెడు మావైపు ఒరిగింది, నేను చేత్తో ఆగమంటే ఆగింది. మా తోడల్లుడు వేసుకున్న బెల్టుకి ఇనుప బకిలు, వాడు దాంతోసహా నా కాళ్ల దగ్గరికి జారుకుంటూ వచ్చాడు. లేవరా అన్నా. మామగారు చూస్తూనే ఉన్నారు."

"వాడు నీ కాళ్ల మీద పడ్డాడా?" అన్నాను. నాకు నవ్వు ఆగడం లేదు.

"పడ్డాడంటే... బకిలు పడింది, వాడు దాని వెంట వచ్చాడు. అంతలో కడ్డీ సంగతి మరిచిపోయాం. అది ఊళ్లు దాటింది, సముద్రం దాటింది, ఎదురుగాలికి కాస్త చల్లబడిందేమో గానీ ఆగలేదు, భూమి గుండ్రమే కదా, మేం తేరుకుని కూర్చునేసరికి వెనక గోడలోంచి వచ్చి, పక్కింటిదాకా పోయి ఆయన మిగతా గడ్డం గీసి, వెనక్కొచ్చి గొట్టంలోకి దూరి నిలబడింది. పట్టుకు చూస్తే ఇంకా గోరువెచ్చగా ఉంది. అది వెళ్లిన చప్పుడు మాత్రం ఇందాక పొద్దున్న పదింటికి వచ్చింది. మీరు వినలేదూ?"

"పదింటికి నా పాల గిన్నె పడింది," అంది అక్క.

"అదే అది! ఇప్పుడు అసలు మాట. మా తోడల్లుడికి లెక్కల పిచ్చి. కడ్డీ వేగం కొలిచి, లోపలికి పోయిన కరెంటు కొలిచి, 'నాది నూటికి రెండు వంతులే పనికొచ్చింది మామయ్యా, తక్కిన తొంభై ఎనిమిదీ తీగ వేడికే పోయింది' అని చెప్పాడు. సిగ్గులేకుండా! నూటికి రెండు తెచ్చుకున్నవాడికి భేష్! మరి నాదెంతో తెలుసా? నూటికి నూరని మీరనుకుంటారు. తప్పు. నూటపద్దెనిమిది!"

"నూరు పోస్తే నూటపద్దెనిమిది ఎలా వస్తుంది మేస్త్రీ?" అన్నాను. "నా వెల్డింగ్ మిషను నూరు తాగితే సగం వెచ్చబడ్డానికే పోతుంది."

"చుట్టు బిగువు బాబూ, చుట్టు బిగువు! ఆ పైన పద్దెనిమిదీ నా చేతి చలవ. మీటరు వెనక్కి తిరిగింది. కరెంటు ఆఫీసువాళ్లు పరిగెత్తుకొచ్చి, 'అయ్యా, మా తీగలు తట్టుకోలేకపోతున్నాయి, మీరు పంపించే కరెంటు కాస్త ఆపండి' అని చేతులు జోడించారు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని మా తోడల్లుడికి నిన్న తెలిసొచ్చింది."

"అయితే మేస్త్రీ, గంట నుంచి కరెంటు లేక ఇంతమందిమి ఇక్కడ చేతులు ముడుచుకుని కూర్చున్నాం కదా. ఆ గొట్టం ఒకసారి తెస్తే ఈ వరస మొత్తానికీ కరెంటు ఇవ్వచ్చుగా?" అన్నాను.

అందరూ నవ్వారు. మేస్త్రీ చెక్కుచెదరలేదు. "ఇచ్చేవాణ్ణే. అది మామగారింట్లో ఉంది. ఆయన దాన్ని వదలడం లేదు. పడుకునేటప్పుడు కూడా తలగడ పక్కనే."

"అక్కడ లేదు," అన్నాడు లేతు బాబాయి.

ఆయన వంగి గోనెసంచిలో చెయ్యిపెట్టి ఒక గొట్టం తీసి బల్ల మీద పెట్టాడు. రాగి తీగ ఒకవైపు నల్లగా కమిలిపోయింది. ప్లాస్టిక్ గొట్టం నడుము దగ్గర మెత్తబడి, కరిగి, మళ్లీ గట్టిపడింది. చివర ఎర్రదారం, మూడు పేటల ముడి. నేను కంటి దగ్గర పెట్టుకుని లోపలికి చూశాను. సరిగ్గా చుట్టు మధ్యలో, కడ్డీ కదలకుండా ఉంది.

"ఇది ప్రపంచం చుట్టి రాలేదు," అన్నాడు బాబాయి. "గొట్టం కూడా దాటలేదు. చుట్టు కడ్డీని తన నడుముకి లాక్కుంటుంది. నడుము చేరేలోపు కరెంటు ఆగితే ఆ ఊపుకి ముందుకి పోతుంది. ఆగకపోతే వెళ్లనివ్వదు, అక్కడే పట్టుకుంటుంది. మీ తోడల్లుడి కెపాసిటర్లలో కరెంటు ఆ పాటికి అయిపోతుంది, అందుకని వాడిది ఎగిరింది. నువ్వు మోటారనుకుని నొక్కి పట్టావు. గొట్టం కరిగింది, మీ అత్తగారి ఫ్యూజు పోయింది, ఫ్యాను ఆగింది. నువ్వు చెప్పులేసుకుని ఎవరితోనూ చెప్పకుండా వచ్చేశావట."

ఎవరూ నవ్వలేదు. మేస్త్రీ ముఖంలో నెత్తురుచుక్క లేదు. "ఇది నీకెవరిచ్చారు?" అన్నాడు.

"మీ తోడల్లుడే. పొద్దున్నే వచ్చాడు. కడ్డీ తియ్యి బాబాయ్, గానీ అన్నయ్య చుట్టులో ఒక్క వరస కూడా చెదరకూడదు, అలాంటి చుట్టు మళ్లీ ఎవరూ చుట్టలేరు అన్నాడు. ఇంకో మాట. మూడు నెలల క్రితం నీ దగ్గరికొచ్చి మూడు వందల చుట్ల కాయిలొకటి చుట్టించుకెళ్లాడా?"

"స్టెబిలైజర్ కోసమనుకున్నా..." అన్నాడు మేస్త్రీ.

"డబ్బాకి చిల్లు పెట్టింది అదే. నిన్న నువ్వు వచ్చేశాక మీ మామగారి ముందు టేపు విప్పి ఎర్రదారం చూపించాడట. 'మామయ్యా, రెండు గొట్టాల్లోనూ చెయ్యి అన్నయ్యదే, నాది స్విచ్చు ఒక్కటే, మిషను ఆయనకే ఇవ్వండి' అన్నాడట. ఆయన ముడి తడిమి చూసి, 'నేను భేష్ అన్నది పెద్దల్లుడి చుట్టునేనా!' అని సరేనన్నారట. రేపు పొద్దున్న మీ తోడల్లుడే తన బండి మీద తెచ్చి నీ కొట్లో దించుతాడు. చెప్పమన్నాడు."

మేస్త్రీ గొట్టం చేతిలోకి తీసుకున్నాడు. ఎర్రదారం మీద బొటనవేలు రాశాడు. కళ్లు చెమ్మగిల్లాయి, మాకది స్పష్టంగా కనిపించింది. ఇరవై నాలుగేళ్లుగా ఎదురుచూసిన మాట వచ్చింది, కోరుకున్న మిషనూ దక్కింది, ఇక ఏమంటాడా అని ఎదురుచూశాం. అప్పుడే కరెంటు వచ్చింది, అక్క తల మీద బల్బు వెలిగింది, ఎవరూ లేవలేదు.

మేస్త్రీ గొట్టం ఠకీమని బల్ల మీద పెట్టాడు.

"చూశారా! చూశారా వాడి పన్నాగం! ఇప్పుడు మా అత్తగారు ఎవర్ని పొగుడుతుంది? మిషను పుచ్చుకున్నవాణ్ణా, చేతికొచ్చింది వదులుకున్నవాణ్ణా? మంచితనంలో కూడా వాడే నన్ను దాటిపోయాడు!"

అక్క ఖాళీ గ్లాసులు తీసుకుంటూ అంది:

"మేస్త్రీ, గంట నుంచి నువ్వు చెప్పినదాంట్లో కోత లేని మాట ఇదొక్కటే."