మంచం కింద కుంపటి

హలో… ఆ, నేనేలే, థోవా అక్కని. ఎన్నిసార్లు కొట్టాలే నీకు ఫోను? … దుప్పట్లో కూరుకుపోయిందా. సరేలే.

లేదు, బేరం లేదు. ఈ మంచులో బజారుకి ఎవడొస్తాడు? ఆవిరి రొట్టెలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఆవిరి కుండ పక్కన కూర్చున్నా కాబట్టి చేతులన్నా నావేనని తెలుస్తోంది. కాళ్ళ సంగతి నాకు తెలీదు.

నా గోల వదిలెయ్. నువ్వెలా ఉన్నావు? … పిల్లాడు? … ఊఁ… పడుకున్నాడా. పడుకోనీ.

గొంతేంటే అలా ఉంది? … నిద్రమత్తా. బాలింతకి నిద్ర దొరికిందంటే అదృష్టమే.

ఇంట్లో చలెలా ఉంది? … బకెట్లో నీళ్ళు వేళ్ళు కొరుకుతున్నాయా? కొరకవూ మరి? నేలకి టైల్స్, గోడలకి టైల్స్, మెట్లకి టైల్స్. బాత్రూముకి అంటించాల్సినవి ఇల్లంతా అంటించాడు మీ ఆయన. గృహప్రవేశం నాడే అడిగాను కదా, ఇది కాపురానికా, చేపలు నిలవేయడానికా అని. … నవ్వు, నవ్వు. ఆ రోజు నవ్వింది నేనొక్కదాన్నే.

… ఆఁ, మూడంతస్తులు లేపాడు, ఎవరు కాదన్నారు? పై రెండింటికీ తలుపులేవీ? కిటికీలేవీ? టార్పాలిన్ కట్టి వదిలేశాడు. కొండ మీద గాలంతా సరాసరి మెట్లు దిగి మీ మంచం దగ్గరికే వస్తుంది. తలుపులకి లేని డబ్బు పిట్టగోడ మీద డ్రాగన్లకి ఎలా వచ్చిందే? … అందరూ పెట్టించుకున్నారా. అవును మరి. పైన పటారం, లోన లొటారం.

దియెన్ ఏడీ? … లారీ ఎక్కి సరిహద్దుకి వెళ్ళాడా. మొన్న నేనొచ్చినప్పుడు ఆ చెక్క సోఫాలో హెల్మెట్ పెట్టుకుని కూర్చున్నాడు నీ మొగుడు. ఎక్కడికో బయల్దేరాడేమో, ఆపడం ఎందుకని నేను అడగలేదు కూడా. తీరా చూస్తే టీవీ చూస్తున్నాడు. … చెవులకి చలని పెట్టుకున్నాడా. ఛీ. కావ్ బాంగ్ పట్నం మొత్తంలో సొంత మేడలో హెల్మెట్ పెట్టుకుని కూర్చునే మగాడు మీ ఇంట్లోనే ఉన్నాడు.

మన ఊళ్ళో గేదెలకి గోనెసంచులు కుట్టి ఒంటికి కట్టారే ఈ చలికి. కొట్టంలో నెగడు వేశారు. గేదెలకి తెలిసినపాటి—

సరే, అనను. మీ ఇంటి మనిషిని నేనెందుకు అంటాను.

అన్నట్టు, నేను బండి మీద వేసుకొచ్చిన గడ్డి మోపు ఏం చేసింది మీ అత్త? … ఎవరికి? … పక్కింటి క్వీ వాళ్ళ పందులకా?

పందులకి వేసిందా.

లువా, ఆ మోపు తేవడానికి ఆ బురదలో రెండుసార్లు పడ్డానే. చాప కింద జానెడు గడ్డి పరిస్తే చాలు, పైసా ఖర్చు లేకుండా ఒళ్ళు కాగేది. మనం పుట్టిందీ పెరిగిందీ దాని మీదే కదా. … ఆ, తెలుసు ఆవిడేమందో. గుమ్మంలోనే అడ్డం నిలబడి అంది కదా, 'మేడింట్లో గడ్డేంటమ్మాయ్, చూసినవాళ్ళు నవ్వరూ' అని. బాలింతకి టైల్స్, పందులకి పరుపు. బాగుంది మీ మేడ మర్యాద. నాకు అసహ్యం వేస్తోందే, నిజంగా చెప్తున్నాను.

హీటరు సంగతేంటి? నేను కొనిచ్చింది. … ఇంకా పెట్టెలోనే ఉందా? … చనిపోయిన పెద్దలకి దణ్ణం పెట్టే పీట పక్కన పెట్టిందా, అందరికీ కనపడేట్టు. … టెట్ పండక్కి చుట్టాలొస్తే పెడతారా. అంటే చుట్టాలకే చలి, మీకు కాదు.

… మీటరు తిరుగుతుందనా. తిరక్కపోతే దాన్ని మీటరని ఎందుకంటారు?

… ఏంటీ? ఇప్పుడు చలిగా లేదా? … వెచ్చగా ఉందా? ఎలాగే?

ఓహో, మంచం కింద కుంపటి పెట్టిందా. ఇది చెప్పవేం ఇందాకట్నుంచీ? అది మంచిదే. అమ్మ నాకూ పెట్టింది, మా పెద్దాడు పుట్టినప్పుడు. నెల తిరిగేదాకా తీయలేదు. నడుము గట్టిపడిందంటే దాని చలవే. పోనీలే, ఒక్క పనన్నా బుద్ధిగా చేసింది మీ అత్త.

పిల్లాడి ఒళ్ళు చల్లగా లేదు కదా? … బుగ్గలు ఎర్రగా ఉన్నాయా. … దానిమ్మ గింజల్లా ఉన్నాయా. దిష్టి తగిలేను, ఎవరికీ చెప్పకు.

ఏమే, నేను మాట్లాడుతుంటే ఆవులిస్తావేంటే.

… తలనొప్పా? ఎప్పట్నుంచి? … పొద్దుటి నుంచీనా. ఏం తిన్నావు? … అల్లం వేసిన కోడి పులుసేనా. అదే వేడి చేసి ఉంటుంది. … వాంతికొచ్చేట్టు ఉందా? మీ అత్తని కాసిని వేన్నీళ్ళు అడుగు. … ఏం?

ఆవిడకీ తలనొప్పా?

ఇద్దరికీనా?

లువా, ఉండు. ఆవిరి కుండ చప్పుడుకి సరిగ్గా వినపడట్లేదు… ఆ, ఇప్పుడు చెప్పు. కుంపట్లో వేసింది ఏ బొగ్గు? కట్టెబొగ్గేనా? … గుండ్రంగా ఉందా? … చిల్లులున్నదా.

అది హోటళ్ళ వాళ్ళు వీధిలో పెట్టి వండుకునే బొగ్గే. చవగ్గా వస్తుందని తెచ్చిందా. … ఎన్ని వేసింది? … రెండా.

కిటికీ తీసి ఉందా? … టేపా? ఏం టేపు? … అంచులంతా అంటించిందా. … తలుపు కింద సందులో? … పాత బట్టలు కుక్కిందా.

లువా, నా మాట విను. లేచి కిటికీ తెరువు.

… గాలి తగలకూడదా? ఎవరన్నారు? … బాలింతకి గాలి తగలకూడదని నాకూ తెలుసే, నా చెవుల్లోనూ నెలరోజులు దూది పెట్టారు. కానీ అమ్మ నాకు కుంపటి పెట్టింది మన పాత ఇంట్లోనే. ఎత్తు గుంజల మీద నిలబెట్టిన ఇల్లది. వెదురు నేల, వెదురు గోడలు. సందుల్లోంచి కింద గేదె మొహం కనపడేది. పొగ ఎటు కావాలంటే అటు పోయేది. మీది డబ్బా. డబ్బాకి టేపేసి లోపల బొగ్గు పెట్టారు.

… పొగ లేదా? ఆ పొగ కనపడదే. వాసన రాదు, దగ్గు రాదు. తల నొస్తుంది, నిద్రొస్తుంది, ఆ తర్వాత ఇంకేమీ రాదు. పోయిన చలికాలం మా బజారు వెనక గదిలో మొగుడూ పెళ్ళాం ఇలాగే పడుకున్నారు. వాళ్ళ బుగ్గలూ ఎర్రగానే ఉన్నాయి.

గాలి తగిలితే జలుబు చేస్తుంది. తగలకపోతే పిల్లాడు చచ్చిపోతాడు. లే.

… మీ అత్త తిడుతుందా? తిట్టనీ. ఎక్కడుందావిడ? అత్తయ్యగారూ, అని గట్టిగా పిలువు.

… పక్కనే ఉందా? గదిలోనేనా? … చాపేసుకుని మంచం కోడుకి ఆనుకుని కూర్చుందా. ఇంతసేపూ నేనన్నవి విందా? … నిద్రపోతోందా?

ఈ వేళప్పుడు నిద్రేంటే ఆవిడకి? పట్టపగలు కన్నుమూసే మనిషా ఆవిడ? లేపు.

… భుజం పట్టి ఊపు. … గట్టిగా ఊపు. … లేవట్లేదా.

సరే. లువా, ఏడవకు. ముందు ఆవిణ్ణి వదిలెయ్. వదిలెయ్ అంటున్నాను. పిల్లాణ్ణి ఎత్తుకో. ఫోను స్పీకర్లో పెట్టి కోటు జేబులో వేసుకో. వినపడుతోందా? … తలుపు. కింద బట్టలు కాలితో తన్ను. లాగు. … కాళ్ళు తేలిపోతున్నాయా? అయితే పాకు. పిల్లాణ్ణి రొమ్ముకి అదుముకుని పాకు. టైల్స్ చల్లగా ఉంటాయి, ఉండనీ. పాకు.

—రొట్టెల్లేవండీ, వెళ్ళండి. … కాదు, ఆగండి. మీ దగ్గర ఫోనుందా? అంబులెన్సుకి కొట్టండి. మా చెల్లెలు, పచ్చి బాలింత, బొగ్గుల కుంపటి. పై వీధి. నెంబరేదో నాకు తెలీదు, పిట్టగోడ మీద డ్రాగన్లున్న మేడ అని చెప్పండి. ఎవరైనా చూపిస్తారు. అందుకేగా కట్టుకున్నారు—

లువా, హాల్లోకి వచ్చావా? … వీధి వైపు షట్టరు ఎత్తు. … బరువుగా ఉందా. మోకాలెత్తు లేస్తే చాలు. భుజం పెట్టు. … ఆ, చప్పుడు వినపడింది. పిల్లాణ్ణి కిందనుంచి బయటికి జరుపు. క్వీని పిలువు. అరువు. బాలింత అరవకూడదని ఎవరన్నా అంటే నా పేరు చెప్పు. అరువు.

…

లువా.

…

లువా, మాట్లాడు. ఊఁ అను చాలు.

…

ఏడుస్తున్నాడు. వాడేనా? … వాడేగా ఏడ్చేది? … ఏడవనీ. ఊరుకోబెట్టకు. ఎంతసేపైనా ఏడవనీ.

క్వీ వచ్చాడా? పిల్లాణ్ణి వాళ్ళావిడ చేతికివ్వు. నువ్వు ఆ మెట్టు మీదే కూర్చో, మళ్ళీ లోపలికి వెళ్ళకు. క్వీకి చెప్పు, ముక్కుకి బట్ట కట్టుకుని ఊపిరి బిగపట్టి వెళ్ళమను. ఆవిణ్ణి ఎత్తక్కర్లేదు, చాపతో సహా బయటికి ఈడ్చెయ్యమను. కుంపటి ముట్టుకోవద్దను, నీళ్ళు పొయ్యొద్దను.

… ఈడుస్తున్నాడా. … జారుతోందా చాప. మొదటిసారి ఆ టైల్స్ ఒక పనికొచ్చాయి.

… ఊపిరుందా? … ఉందా. మొహం మీద చన్నీళ్ళు చల్లు. బుగ్గ మీద కొట్టు. నువ్వు కొట్టలేవు, క్వీని కొట్టమను.

… కక్కుతోందా? పక్కకి తిప్పండి. పక్కకి. … హమ్మయ్య. కక్కనీ.

—ఏమన్నారు? బయల్దేరిందా? మీకు పుణ్యముంటుంది. ఆ రొట్టెలన్నీ తీసుకెళ్ళండి. … అయ్యో, తీసుకెళ్ళండి—

లువా, అంబులెన్సు వస్తోంది. ముగ్గురూ ఎక్కండి. బాగానే ఉందని ఎవరన్నా సరే ఎక్కాల్సిందే. ఒంటి మీద ఏముంది నీకు? … క్వీ పెళ్ళాం దుప్పటి ఇచ్చిందా. పిల్లాడికి? … ఎవరి కోటు?

మీ అత్త కోటా?

… ఆవిడ ఒంటి మీద ఏముంది మరి? … ఉత్త స్వెట్టరేనా? … రాత్రి నుంచీ కోటు పిల్లాడికి కప్పి, తను స్వెట్టరుతో నేల మీద ఉత్త చాపేసుకుని కూర్చుందా. ఆ టైల్స్ మీద. … నిప్పు ఆరిపోకుండా చూసుకుంటూనా.

ఛీ. ఏం మనిషే ఆవిడ.

హీటరు పెట్టెలో దాచి, పరుపు పందులకి వేసి, ఒంటి మీద కోటు తీసి మనవడికి కప్పి, అందర్నీ కలిపి చంపబోయింది. నేను తిట్టుకోవడానికి కూడా వీల్లేకుండా చేసింది.

… కళ్ళు తెరిచిందా? … ఏమంటోంది? … నాతో మాట్లాడతానంటోందా? సరే, ఫోనివ్వు. చెవి దగ్గర పెట్టు.

ఆ… అత్తయ్యగారూ, నేనేనండీ, థోవాని. … మాట్లాడకండి, ఊపిరి తీసుకోండి. … ఏంటి? … షట్టరు దించమంటారా? … వేడంతా పోతోందా? పోనివ్వండి. … బొగ్గు దండగవుతుందా. కానివ్వండి అత్తయ్యగారూ, ఆ బొగ్గు దండగవడమే మనకి కావాలి. … గాలి తగులుతుందా. తగలాలి. మీకూ తగలాలి.

… ఎవరు చూశారంటారా? ఎవరూ లేరు, క్వీ, వాళ్ళావిడ అంతే. … చాప మీద ఈడ్చుకొచ్చారని సిగ్గా? చచ్చాక నలుగురు మోసుకొస్తే అది మర్యాదా? … నేను మిమ్మల్ని అనట్లేదు. అంటున్నానా? సరే, అంటున్నాను.

… వినపడట్లేదు, కొంచెం గట్టిగా. … అవునండీ, ఇందాక మీరు వినలేదనుకుని చాలా అన్నాను. … విన్నారా. ఎక్కడిదాకా? … పందుల దాకానా.

… ఊఁ.

… ఏంటీ? … గడ్డా?

ఉందండీ. మా కొట్టం మీద బోలెడుంది. ఎండుగడ్డే, తడవలేదు. ఎన్ని మోపులు కావాలి? … మంచానికీ, కింద నేలకీనా. … మీకు కూడా. ఆ, తెస్తాను. ఆసుపత్రి నుంచి మీరొచ్చేసరికి పరిచి ఉంచుతాను. హీటరు పెట్టె కూడా విప్పేస్తాను, మీరు వద్దన్నా.

… ఏమన్నారు?

చీకటి పడ్డాక తెమ్మంటారా? … వెనక సందులోంచా?

ఛీ, అత్తయ్యగారూ, ఛీ. ప్రాణం పోయి ఇప్పుడేగా తిరిగొచ్చింది మీకు. పట్టపగలే తెస్తాను. నెత్తిన పెట్టుకుని, వీధి మధ్యలోంచి నడిచొస్తాను. మీ డ్రాగన్ల కింద నిలబడి, మా వాళ్ళకి గడ్డి తెచ్చానహో అని కేక వేసి మరీ—

హలో… అత్తయ్యగారూ… హలో…

పెట్టేసింది.