పురుగు ముదిరిందా?

అధ్యక్ష స్థానంలో ఉన్న మా డైరెక్టర్ ఈశ్వర్ గారికి, ముందు వరుసలోని పెద్దలకు, బరంపురం తెలుగు మిత్రులకు, గోడకానుకుని ఫోన్లు చూసుకుంటున్న మా ల్యాబు పిల్లలకు నమస్కారం.

నా రిటైర్మెంటు సభ కదా, ఇంతకుముందు మాట్లాడినవాళ్ళు నన్ను గొప్ప శాస్త్రవేత్త అన్నారు. మా ఆయన సోమేశ్వరరావు గారు ఎవరినంటున్నారోనని వెనక్కి తిరిగి చూశారు. (నవ్వులు) ఆయన తప్పేం లేదు. ఊరంతా మలేరియాను తరిమికొట్టాలని చూస్తుంటే, గవర్నమెంటు జీతం తీసుకుని నెత్తుట్లో బతికే ఆ మలేరియా పురుగులకే రోజూ వేళకు తిండిపెట్టి పెంచిన మనిషిని నేను. ఇంట్లో పాలు పొంగిపోయేవి గానీ, ల్యాబులో వాటి తిండి వేళ మాత్రం తప్పలేదు. ఆ తిండిలో మనిషి నెత్తురుండాలి, అదీ ‘O’ గ్రూపు నెత్తురైతే ఏ పేచీ ఉండదు. పెళ్ళిచూపుల్లో నేనడిగిన మొదటి ప్రశ్న బ్లడ్ గ్రూపేనని మా ఆయన అందరికీ చెబుతుంటారు. నేనెప్పుడూ కాదనలేదు, నిజం కాబట్టి. (నవ్వులు)

మందును తట్టుకునే పురుగులు పుట్టుకొస్తున్నాయా అని చూడటం మా పని. రోగి నెత్తుటిలోని పురుగులను సీసాల్లో పెంచి, అప్పుడే పుట్టిన పసివాటిని ఆరు గంటలు మందులో ఉంచి, కడిగేసి, మళ్ళీ తిండిపెట్టి, మూడో రోజు ఎన్ని బతికాయో మైక్రోస్కోపులో వెతకాలి. ఉద్యోగమంతా వెతికాను. భయపడేటన్ని ఎప్పుడూ కనబడలేదు. అంటే నేను దేనికోసం కళ్ళద్దాల నంబరు పెంచుకున్నానో అది నాకు దొరకనే లేదు, దొరకనందుకు ప్రతిసారీ దేవుడికి దండం పెట్టుకున్నాను. ఇలాంటి పనికి అవార్డెవరిస్తారు? మీరు శాలువా కప్పారు, అదే ఎక్కువ.

సముద్రం ఒడ్డున పొడంపేటలో చిట్టమ్మ అని ఒకావిడ ఉంది. కొడుక్కి మలేరియా తగ్గి మళ్ళీ తిరగబెడితే, నన్ను చూసి కొంగు బిగించి అడిగింది: "మందేసినాం గదమ్మా, మల్లీ జొరమొచ్చినాదేటి? మందు సెడిపోనాదా, పురుగు ముదిరిపోనాదా?" మేం పెద్ద పెద్ద కాన్ఫరెన్సుల్లో గొంతు చించుకునేది సరిగ్గా ఆ రెండు ముక్కల గురించే. కుర్రాడి నెత్తురు తెచ్చి పరీక్ష పూర్తిచేసి, పురుగు ముదరలేదని చెప్పడానికి గర్వంగా వెళ్ళాను. కుర్రాడు ఒడ్డున బంతాడుతున్నాడు. డాక్టరు ఎదుట కూర్చోబెట్టి అన్ని బిళ్ళలూ మింగించేసరికి ఎప్పుడో తగ్గిపోయిందట. "ఇప్పుడొచ్చినావేటమ్మా?" అంది చిట్టమ్మ. (నవ్వులు) ఆ పిల్లవాడికి నేను ఏమీ చెయ్యలేదు. కానీ ఆ ఊళ్ళో ఇంకో పిల్లవాడికి జ్వరమొస్తే అదే మందు ధైర్యంగా వెయ్యొచ్చని తెలిసింది. నాకు అంతే చాలు.

ఇక ఒక సంగతి. సభలో ఎత్తొద్దని మా ఆయన నిన్నటి నుంచి కాళ్ళావేళ్ళా పడుతున్నారు. అయినా చెబుతాను.

ఈ హాల్లో ప్రియ లేదు. గంజాం నుంచి రోజూ బస్సెక్కి వచ్చే అమ్మాయి, నా దగ్గర ఈ పని పూర్తిగా నేర్చుకున్నది ఆమె ఒక్కతే. ఆమె కాంట్రాక్టు నిన్నటితో అయిపోయింది. నేను వెళ్ళిపోతున్నా నా చోట్లోకి ఎవరినీ వెయ్యలేదు. ఇప్పుడు ఆమె పై అంతస్తులో పురుగులకు తిండి మారుస్తోంది. అయిపోయింది కదా, మళ్ళీ ఎందుకొచ్చావే అని పొద్దున్న అడిగితే, "కాంట్రాక్టయిపోనాదని ఆటికేటి తెలుస్తాది మేడమ్? ఆకలేస్తాది గదా" అంది.



వెతికాను కాబట్టే లేదని చెప్పగలిగాను. వెతికేవాళ్ళు లేకపోతే, పురుగు ముదిరిన రోజు ఎవరికీ తెలియదు. మందు వేస్తూనే ఉంటారు, పిల్లలు పోతూనే ఉంటారు. నాకు భయంగా ఉంది.

ఈశ్వర్ గారూ, మీరు మంచివారు. ఆమెను కొనసాగించమని ఫైలు పైకి పంపానంటారు. అది తిరిగొచ్చేదాకా ఆ సీసాల్లో ఏదీ బతకదు. నలుగురిలో ఇలా అడగటం మర్యాద కాదని తెలుసు. మీ గదిలో మర్యాదగా చాలాసార్లు అడిగాను.

(డైరెక్టర్ గారు లేచి ఏదో చెప్పబోయారు)

నాకు చెప్పకండి సార్. మెట్లెక్కి వెళ్ళి ఆ అమ్మాయికి చెప్పండి. మీరు దిగి వచ్చేదాకా మేమెవరం భోజనానికి లేవం.

ఇంతసేపు భరించినందుకు అందరికీ ధన్యవాదాలు. సెలవు.